లోడు పెట్టనిదే నమ్మని దయారత్నం

“ఐదు వోల్టులు చూపించిందని మురుస్తున్నవా బిడ్డా? ఖాళీ ఆటో సుత మస్తు జోరుగ ఉరుకుతది. ఆరుగురిని ఎక్కించి చూసినవా?”

దయారత్నానికి ఉన్నది ఒకటే జబ్బు: బరువు మోయించి చూడనిదే దేన్నీ నమ్మడు. అమీర్‌పేటలో ఆయన నడిపే ఎలక్ట్రానిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏ కొత్త కుర్చీలోనైనా మొదట కూర్చునేది బియ్యం బస్తా. చర్చికి కొత్త బెంచీలు వచ్చిన రోజు సంఘంలో లావుపాటి పెద్దలు నలుగురిని ఏరి కూర్చోబెట్టి, ప్రార్థన ముగిసేదాకా లేవనివ్వలేదు. కూతురు షెర్లిన్‌ను చూడటానికి వచ్చిన అబ్బాయి చేత మూడో అంతస్తుకు గ్యాస్ సిలిండర్ మోయించాడు. అబ్బాయి అల్లుడైతే అయ్యాడుగానీ, నడుము నొప్పి ఇప్పటికీ ఉంది.

ఇవాళ ఆయన చేతికి చిక్కింది శిష్యురాలు సంగీత. పదకొండింటికి పంజాగుట్టలో ఉద్యోగం ఇంటర్వ్యూ. పన్నెండు వోల్టుల బ్యాటరీని ఐదుకు దించే కన్వర్టరు బోర్డు తనే చేసింది. అక్కడ నడిపి చూపాలి. ఇది మూడోసారి. పోయిన రెండుసార్లూ అంకెలడగ్గానే నోరెండిపోయి తిరిగొచ్చింది. గడియారం చూస్తే పదయింది.

“సార్, బ్యాటరీకెల్లి ఎనిమిది మిల్లీ యాంపులే గుంజుతున్నది. నెల దాటి వస్తదని రిపోర్టు సుత రాసిన. పోనియ్యండి సార్!”

“పని చెప్పకపోతే నేను సుత ఒక్క చాయ్ మీదనే బతుకుత.”

ఆయన బోర్డు చివర లోడుగా పది ఓమ్‌ల రెసిస్టర్ తగిలించాడు. ఎనిమిది కాస్తా రెండు వందల ముప్పైకి ఎగిరింది. సంగీత రిపోర్టులో రాసిన ‘నెల’ వైపు చూసింది.

“ఇప్పుడు ఐదు ఓమ్‌లది. కరెంటుకు అడ్డం సగమైంది. కరెంటు?”

“రె... రెట్టింపు సార్.”

కాలేదు. ఐదు వోల్టులు నాలుగుకు జారాయి. ఆమె గుండె కూడా వాటితోపాటే జారింది. బోర్డంతా వెతికితే, బయటికెళ్లే వైరు దగ్గర టంకం వెంట్రుకంత పగిలి ఉంది. మళ్లీ అతికించింది. ఐదు వోల్టులు కదలకుండా నిలిచాయి. బ్యాటరీ వైపు నాలుగు వందల అరవై.

“గీ ఏడు యాంపు అవర్ల బ్యాటరీ నెల వస్తదా?”

“పదిహేను గంటలు సార్!” అంకె తడబడకుండా వచ్చింది. రిపోర్టులో కొట్టేసి దిద్దింది. పదీ ఇరవై అయింది.

ఆయన రెసిస్టర్లన్నీ టిఫిన్ డబ్బాలో పెట్టిచ్చాడు. మూత తీసి చూస్తే, ఒక్కోదానికి ఒక్కో చీటీ చుట్టి ఉంది. ఎంత లోడుకు ఎంత కరెంటో వంకర అక్షరాల్లో రాసి ఉంది. ఐదు ఓమ్‌ల చీటీ మీద మాత్రం నిన్నటి తేదీతో ఇంకో ముక్క: ‘వైరు టంకం పగిలింది. చెప్పొద్దు.’

“నిన్ననే తెలుసా సార్! మీరే అతికిస్తే అయిపోతుండె కదా?”

“నేను అతికిస్తే, వాళ్లు అడిగినప్పుడు నీకేం యాదికొస్తది?” ఆయన చూపు తప్పించి మీటరు తుడుచుకున్నాడు. “మెట్రోల ఒక్క స్టేషనే, ఉరుకు. ఒక్క మాట బిడ్డా. ఉద్యోగమొస్తే పొద్దుగూకినంక తీరిగ్గ ఫోన్ చెయ్యి. రాకుంటే మాత్రం మెట్లు దిగకముందే చెయ్యాలె!”