జనానికి పదకొండు మాటలు

మా పిన్ని ఫెర్రీ రేవులో గేటు మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఎత్తు స్టూలు మీద కూర్చుని, వచ్చే జనాన్ని చూసి, లోపలికి ఎంతమందిని వదలాలో వాకీటాకీలో చెప్పడం ఆమె పని. స్టూలు ఎక్కకపోతే జనంలో ఆమే కనిపించదని మా అమ్మ వెక్కిరిస్తుంది. నిజమే, పిన్ని నా భుజం దాకా కూడా రాదు. అయినా నేను ఆమెను తలెత్తి చూస్తూనే పెరిగాను.

ఆమెకు ఒక పిచ్చి ఉంది. పిచ్చి అన్నది ఇంట్లోవాళ్ళ మాట, నాది కాదు. పదకొండేళ్ళప్పుడు కాలు విరిగి మూడు నెలలు మంచం మీద ఉందట. నేను చూడని మా అమ్మమ్మ పోయిందీ ఆ ఏడే. కాలు ఎలా విరిగిందని ఎవరినడిగినా మాట మార్చేవారు. ఆ మంచం మీదే పొద్దుపోక పిన్ని, కథల్లో పొడుగు చెవులతో చెట్ల మీద కాపురముండే ఎల్ఫులకు ఒక భాష తయారు చేయడం మొదలుపెట్టింది. ఆ భాషలో భోజనానికి ఇప్పటికీ మాట లేదు. మరి ఎల్ఫులు ఏం తిని బతుకుతారు పిన్నీ అంటే, "అది వాళ్ళ గొడవ, నాకెందుకే" అంటుంది. జనానికి మాత్రం పదకొండు మాటలున్నాయి.

ఎవరి దారిన వాళ్ళు పోతూ ఒకచోట కలిస్తే లిన్. ఒకే దాని కోసం అందరూ ఓపిగ్గా నిలబడితే లిన్వె. ఆ ఓపిక అయిపోయి మోచేతులు లేస్తే సర్లిన్. భయంతో ఎటు పడితే అటు పరిగెత్తే జనం థారిల్. చిట్టచివరిది గోర్హ, అంటే పగలగొట్టడానికే వచ్చే దండు. ఆ ఒక్క మాటకే పిన్ని ఒక షరతు పెట్టింది. అందులో ఒక్క ముఖమైనా విడిగా కనిపిస్తే దాన్ని గోర్హ అనకూడదు.

ఈ మాటలు రేవులోకి ఊరికే రాలేదు. "జనం తోసుకుంటున్నారు" అని వాకీటాకీలో అంటే, పక్కనున్నవాళ్ళు విని నిజంగానే తోసుకునేవారు. అందుకని పిన్ని ఓ రోజు "సర్లిన్" అంది. ఎవరికీ అర్థం కాలేదు, ఎవరూ కంగారుపడలేదు. నెల తిరక్కుండా రేవులో పనిచేసేవాళ్ళంతా ఎల్ఫుల భాష మాట్లాడేవాళ్ళే. రోడ్డు వైపు ఇనుప గేటు లాగే ఆయన్ని అందరూ బెల్లంరాయి అంటారు. బెల్లం కొట్టిన రాయిలా ఉలకడు, పలకడు. ఆయన కూడా పెదవులు కదిపి ఆ మాటలు నేర్చుకున్నాడు. ఏ మాట వింటే ఏం చేయాలో పిన్ని ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించింది. థారిల్ అంటే నీటివైపు గేటు మూసి, రోడ్డు వైపువన్నీ తెరిచి జనాన్ని ఆవరణలోకి వదలాలి. గోర్హ అంటే ఇనుప గేటు మూసి పోలీసులకు ఫోన్ చేయాలి. షరతు మాత్రం రాయలేదు. అందరికీ తెలిసిందేగా అనుకుంది. ఆ తప్పు తనదేనని ఇప్పటికీ ఒప్పుకుంటుంది.

రెండేళ్ళ కిందట కొత్త సూపరింటెండెంట్ వచ్చాడు. మంచివాడే, కానీ మేడమీది అద్దాల గది దిగడు. అట్ట చదివి బట్టీ పట్టాడు.

ఒక మధ్యాహ్నం రేవుకు ఎదురుగా ఉన్న బట్టల గోడౌన్‌లో మంటలు లేచాయి. వీధి మొత్తం రేవు మీదికి పరిగెత్తుకొచ్చింది. ఇసుక వేస్తే రాలనంత జనం. సూపరింటెండెంట్‌కి పైనుంచి తలకాయలే కనిపించాయి.

"గోర్హ, గోర్హ. గేటు ముయ్యండి" అన్నాడు వాకీటాకీలో.

బెల్లంరాయి గేటు లాగడం మొదలుపెట్టాడు. సగం దాకా వచ్చింది.

"గోర్హ కాదు సార్, థారిల్. తెరవాలి" అంది పిన్ని.

"నేను చెప్పింది చెయ్యండి. నీళ్ళల్లో పడితే ఎవరిది బాధ్యత?"

"సెలూన్ ఆయన కనిపిస్తున్నాడు సార్. కస్టమర్ చెయ్యి పట్టుకుని వస్తున్నాడు. పాపం ఆయనకి సగం గడ్డమే గీశారు."

ఇవతల వాకీటాకీలో పెద్ద సారు, అవతల స్టూలు మీద పొట్టి మనిషి. ఎవరి మాట విన్నా బెల్లంరాయి ఉద్యోగం దారం మీదే ఉంది. కలిసి పనిచేసిన పన్నెండేళ్ళలో ఆయన పిన్నిని అడిగిన ప్రశ్న ఇదొక్కటే.

"ఏది అక్కా?"

"తియ్యి తమ్ముడూ."

తీశాడు. పిన్ని స్టూలు మీద లేచి నిలబడి, రెండు చేతులతో జనాన్ని ఇటు సగం, అటు సగం మళ్ళించింది. గొంతు పోయేదాకా "మెల్లిగా రండి, చోటుంది" అంటూనే ఉందట. ఒకామె స్పృహ తప్పింది, చెప్పులు మాత్రం గుట్టలు పడ్డాయి. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు. కాసేపటికి గోడౌన్ గోడ విరిగి రోడ్డు మీద పడింది. గేటు మూసి ఉంటే జనం నిలబడి ఉండేది సరిగ్గా అక్కడే.

అయినా ఆర్డరు మీరినందుకు ఇద్దరినీ పనిలోంచి ఆపి విచారణ పెట్టారు. పిన్నికి తోడుగా నేనూ వెళ్ళాను. నాకైతే ఒళ్ళు మండిపోతోంది. ఆమె మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మీ అంచనా తప్పయ్యుంటే?" అని అడిగాడు ఆఫీసరు.

"నన్ను తీసెయ్యండి, గేటు తీసినాయన్ని ఉంచండి. చెప్పింది నేను" అంది. మళ్ళీ తనే, "గేటు మూసి తప్పయ్యుంటే ఎవర్ని ఏం చేసేవారండీ?" అంది.

అప్పుడు సూపరింటెండెంట్ లేచాడు. "నాకు ముఖాలు కనపడలేదండీ. కిందికి దిగి చూడాల్సింది" అన్నాడు. అలా ఒప్పుకోవడానికి గుండె కావాలి. ఆ రోజు నుంచీ ఆయన మీద నా కోపం పోయింది. ఇద్దరినీ మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. అట్ట మీద షరతు ఇప్పుడు ఎర్ర సిరాతో ఉంది, ఆయన చేతిరాతే.

ఆ భాష ఏమిటో చూపించమని విచారణలో ఆఫీసరు అడిగాడని, ఆ రోజు సాయంత్రమే పిన్ని అటక మీది పాత నోట్‌బుక్ దింపింది. దాన్ని చూడగానే మా అమ్మ కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్ళూ మార్చిన మాట అప్పుడు చెప్పింది.

"మీ అమ్మమ్మా, ఇదీ ఆటల పోటీ చూడ్డానికి వెళ్ళారే. ఏదో పేలినట్టయి జనం పరిగెత్తారు. అల్లరిమూక అనుకుని బయటి గేటు మూసేశారు. దీని కాలు విరిగింది. అమ్మ తిరిగి రాలేదు."

నేను మొదటి పేజీ తిప్పాను. ఎల్ఫుల భాష కదా, మొదటి మాట చెట్టో చుక్కో అయి ఉంటుందనుకున్నాను. థారిల్ అని ఉంది. ఎదురుగా పదకొండేళ్ళ పిల్ల గుండ్రటి అక్షరాలతో అర్థం రాసుకుంది:

"అమ్మ మీద పడినవాళ్ళు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. భయపడ్డారు."