కరెంటు కోతలూ, అమ్మ ఇన్సులినూ

ఎనభైల మొదట్లో నర్సీపట్నంలో మా వీధి మొత్తానికి ఫ్రిజ్ ఉన్నది మా ఇంట్లోనే. మా నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. షోకు కోసం కొన్నది కాదు, అమ్మకి షుగరు కాబట్టి కొన్నారు. అంతకుముందు అమ్మ ఇన్సులిన్ సీసా తడి ఇసక నింపిన కుండలో ఉండేది. రోజూ ఆ ఇసక తడపడం నా పని. ఫ్రిజ్ రాగానే ఆ చాకిరీ తప్పిందని సంబరపడ్డాను.

ఆ వేసవిలోనే కోతలు మొదలయ్యాయి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. నాన్నకి అన్నీ పద్ధతి ప్రకారం జరగాలి. కోతల వేళలు అట్టముక్క మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించారు. లాంతరు గ్లాసులు తుడిపించారు, కిరసనాయిలు డబ్బా నింపించారు. కోత వేళ ఫ్రిజ్ తలుపు తీశామా, వీపు విమానం మోతే.

అట్టముక్క మీద లేని కోతలతోనే చిక్కొచ్చింది. గాలి వీస్తే పోయేది, చినుకు పడితే పోయేది, ఏమీ లేకపోయినా పోయేది. మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. మందు పాడైతే విశాఖపట్నం నుంచి తెప్పించుకోవాలి. నాన్న బాగా ఆలోచించి సీసాని ఫ్రీజర్లోకి మార్చారు. కరెంటు పోయినా ఐసు ఉన్నంతసేపు ఢోకా లేదన్నారు. పొద్దున్నే గడ్డకట్టిన సీసాని అరచేతుల మధ్య పెట్టుకుని కరిగేదాకా దొర్లించేవారు. అందులో తెల్లటి పలుకులు కనిపిస్తే ఇంకాస్త ఊపి సూది వేసేవారు. అంత శ్రద్ధ ఆయనది.

పది రోజులకి అమ్మ నీరసించిపోయింది. చెంబులకి చెంబులు నీళ్ళు తాగేది. నాన్న పరీక్షనాళికలో నీలం మందు పోసి, అమ్మ మూత్రం చుక్కలు వేసి స్పిరిట్ దీపం మీద కాచేవారు. రోజూ ఇటుక రంగే, అంటే షుగరు బాగా ఎక్కువున్నట్టే. సూది వేళకి పడుతోంది, మందు ఐసులో భద్రంగా ఉంది. ఇక తప్పు అమ్మ నోటిదేనని తేల్చేశారు.

"నేను బెల్లం ముక్క ముట్టలేదండి. నా మాట నమ్మరేటి?" అంది అమ్మ.

నాన్న బెల్లం డబ్బాకి తాళం వేశారు. అమ్మ వంటింట్లోకి వెళితే వెనకే వెళ్ళి కనిపెట్టమని నాకు చెప్పారు. వెళ్ళాను. ఒకరోజు ఆవిడ కొంగుముడి విప్పించి మరీ చూశాను. ఏమీ లేదు. అయినా ఎక్కడో దాచిందనే అనుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఒక మధ్యాహ్నం అమ్మ మంచం మీంచి లేవలేదు. ఊపిరి బరువుగా తీస్తోంది. రిక్షాలో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన సీసాని వెలుతురుకి పట్టి చూసి, దీన్ని ఎక్కడ పెడుతున్నారని అడిగారు. నాన్న కాస్త గర్వంగానే చెప్పారు. ఒకసారి గడ్డకడితే ఇన్సులిన్ పనికిరాదని, ఇన్నాళ్ళూ వేసింది దాదాపు నీళ్ళేనని ఆయన మెల్లగా చెప్పారు. బేగి విశాఖపట్నం పట్టుకెళ్ళమన్నారు. నాన్న కారు కోసం రోడ్డు మీదకి పరుగు తీశారు. నేను అమ్మ పక్కన నిలబడ్డాను.

అమ్మ బతికింది. రెండు వారాలకి ఇంటికొచ్చింది. నాన్ననీ నన్నూ ఒక్క మాట అనలేదు. కానీ అప్పట్నుంచి ఒంటరిగా వంటింట్లోకి వెళ్ళడం మానేసింది. గ్లాసుడు నీళ్ళు కావాలన్నా ముందు నన్ను పిలిచేది. ఇంకా ఎందుకమ్మా అని బతిమాలినా వినేది కాదు. పని కాగానే బయటికొచ్చి, రెండు చేతులూ చాపి నాకు చూపించేది.