మైదానంలో నీళ్ళ కుండ

పోలీస్ యాక్షన్ అయిన అయిదారేళ్ళకు తాండూరులో ఒక బడికి డ్రిల్ మాస్టరుగా చేరాను. నాకు తెలియనిది లేదనుకునే వయసు. నా విజిల్ వినపడితే చాలు, పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయేవారు. అది చూసి నాలో నేనే మురిసిపోయేవాణ్ణి.

ఆట మధ్యలో ఎవరూ నీళ్ళు ముట్టకూడదన్నది నా కట్టడి. తాగితే డొక్కలో నొప్పి లేస్తుందని, కాళ్ళు బరువెక్కుతాయని నా చిన్నప్పుడు మా డ్రిల్ మాస్టరు చెప్పాడు. ఆయనకెవరు చెప్పారో నేను అడగలేదు. మైదానం పక్కన వేపచెట్టు కింద నీళ్ళ కుండ ఉండేది. ఎవడైనా దొంగచాటుగా తాగుతాడేమోనని దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి.

ఆ ఏడు వికారాబాదు బడితో ఖో-ఖో పోటీ పడింది. వారం రోజులే గడువు. భాద్రపదం ఎండ నెత్తి మాడ్చేస్తున్నా మధ్యాహ్నం రెండింటికే పిల్లలను మైదానంలోకి దింపాను. వాళ్ళలో ఒకడు బొంరాస్‌పేట దిక్కు పిల్లవాడు. పన్నెండేళ్ళుంటాయి. తండ్రి గొర్రెలు కాస్తాడు. వీడు తాండూరులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. పరుగెత్తితే వాణ్ణి అందుకోవడం ఎవరి తరమూ కాదు. నా ఆశంతా వాడిమీదే.

మూడో ఆటకు వాడు నా దగ్గరికి వచ్చాడు.

“సార్, జర నీళ్ళు తాగొస్త.”

“గెలుసుడు కావాల్నా, నీళ్ళు కావాల్నా?” అన్నాను. పిల్లలంతా నవ్వారు. వాడూ నవ్వి వెనక్కి పోయాడు.

ఇంకో ఆట అయ్యాక మళ్ళీ వచ్చాడు. “ఒక్క గుక్క సార్” అన్నాడు. ముఖం జేవురించి ఉంది. మెడమీద చెయ్యి వేశాను. పొడిగా ఉంది, కాలిపోతోంది. మిగతావాళ్ళ అంగీలు తడిసి ఒంటికి అంటుకుపోయాయి, వీడికి చుక్క చెమట లేదు.

దాన్ని నేను బలమనుకున్నాను. ఎంత మూర్ఖుణ్ణి! వాణ్ణి అందరి ముందూ నిలబెట్టి మరీ చూపించాను.

“చూడుండ్రి, వీనికి చెమట గూడ పడ్తలేదు. ఆటగాడంటే గిట్లుండాలె.”

విజిల్ ఊదాను. వాడు పరుగు తీశాడు. కొంత దూరం పోయి, తోవ తప్పినవాడిలా పక్కకు తిరిగి, గొర్రెలను అదిలిస్తున్నట్టు ఏదో అరిచి కూలిపోయాడు. అప్పుడు నీళ్ళు తీసుకుని ఉరికాను. పళ్ళు బిగుసుకున్నాయి, గుటక పడలేదు. టాంగాలో దవాఖానాకు తీసుకుపోయాం.

డాక్టరు ఒళ్ళంతా తడిగుడ్డలు కప్పిస్తూ, “చెమట ఎప్పటిసంది బందయింది?” అని అడిగాడు. ఆ ఒక్క మాటతో నేను చేసిందేమిటో నాకు తెలిసిపోయింది. యాదికి లేదన్నాను. పొద్దు గూకకముందే పిల్లవాడు పోయాడు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు తండ్రి వచ్చాడు. భుజాన గొంగడి, కాళ్ళనిండా దుమ్ము. నేను దవాఖానా వరండాలో ఉన్నాను. నా వెనక ఆటపిల్లలంతా ఉన్నారు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన నా ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నా కొడుకు నీళ్ళేమన్న అడిగిండా సారూ?”

“అడగలే” అన్నాను.

“అడగడు సారూ. మంద ఎంబడి పోయినా గంతే. గొర్లు తాగినంకనే వాడు తాగుతుండె.”

నేను వెనక్కి తిరిగి చూశాను. వాడు రెండుసార్లు అడగడం ఆ పిల్లలందరూ విన్నారు. ఒకడు ఏడుస్తున్నాడు, ఒకడు నావైపే చూస్తున్నాడు. ఒక్కడు కూడా నోరు తెరవలేదు. నేను చెప్పనిదే మాట్లాడకూడదని వాళ్ళకు బెత్తంతో నేర్పింది నేనే.