ఏడు రంగుల ఒకే దుమ్ము

ఆ రోజుల్లో ఈ లోకంలో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. గోదావరిఖనిలో స్టాటిస్టిక్స్ డిగ్రీ పూర్తిచేసి, కంప్యూటర్ మీద 'ఆర్' అనే లెక్కల భాషను మూడు నెలలు నేర్చుకుని, బొగ్గు గనుల ఏరియా ఆఫీసులో ట్రైనీగా చేరిన కొత్త. చుట్టూ ఉన్నవాళ్లు కాగితాల మీద కూడికలు వేసుకుంటుంటే జాలిగా చూసేదాన్ని (వాళ్లలో ముగ్గురికి నా వయసంత సర్వీసు ఉంది).

నాకు అప్పగించింది దుమ్ము లెక్క. ఏడు గనుల్లో (మా వాళ్ల మాటలో బాయిల్లో) లారీలు తిరిగే రోడ్ల పక్కన రోజూ ఎంత దుమ్ము లేస్తుందో కొలిచేవాడు, ఆఫీసులో అందరూ డస్టు కాక అని పిలిచే పెద్దాయన. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. కొలిచే మిషన్‌ను భుజానికి తగిలించుకుని, కమాన్‌పూర్ వైపు మొదలుపెట్టి ఏడు గనులూ తిరిగి, అంకెలన్నీ గీతల నోటుబుక్కులో రాసుకొచ్చేవాడు. నేను వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, గనికొక ఫైలు చొప్పున సేవ్ చేసేదాన్ని. ఫైళ్లకు గని ఒకటి, గని రెండు అని చక్కగా పేర్లు పెట్టాను. వాటి లోపలి పట్టికకు మాత్రం ఏడింటిలోనూ 'దుమ్ము' అనే పెట్టాను. (దుమ్మును దుమ్ము అనక ఇంకేమంటారు?)

సరిగ్గా అప్పుడే మా ఏరియాకు రోడ్లు తడిపే నీళ్ల ట్యాంకర్ కొత్తది ఒకటి వచ్చింది. దాన్ని ఏ గనికి ఇవ్వాలో నా రిపోర్టు చూసి తేలుస్తానని మా ఆఫీసు అధికారి పెద్దసార్ అన్నాడు. నా కాళ్లు నేల మీద ఆగలేదు. ఇంటికొచ్చి మా బాపుకు చెబితే, ముప్పై ఏళ్లు గనిలో పనిచేసిన నాన్న కదా, ఆ రోడ్లను ఒక్కసారైనా చూసొచ్చావా అని అడిగాడు. చూడాల్సిన పనిలేదు, అంతా కంప్యూటర్‌లో ఉందని చెప్పాను.

మీటింగు రోజు పొద్దున ఏడు ఫైళ్లనూ వరసగా లోడ్ చేసి, ఏడు పేజీల్లో ఏడు గ్రాఫు పటాలు గీయించాను. ఒక్కో గనికి ఒక్కో రంగు. పెద్దసార్ పేజీలు తిప్పుతూ, అన్నిచోట్లా దుమ్ము తక్కువే కాబట్టి ట్యాంకర్‌ను పక్క ఏరియాకు పంపేద్దామని, సాయంత్రం సంతకం పెడతానని అన్నాడు. రంగులు బాగున్నాయని మెచ్చుకున్నాడు కూడా. నేను వినయంగా నవ్వాను. (ఆ వినయం ముందురోజు అద్దం ముందు సాధన చేసినది.)

బయట వరండాలో నా చేతిలోని కాగితాలు అడిగి తీసుకుని, కాక చాలాసేపు చూశాడు.

"బిడ్డా, ఒకటడుగుత, ఏమనుకోకు. రెండో బాయి కాడ నేను మూతికి దస్తీ కట్టుకోని నిలబడ్డ. ఎదురుంగ వచ్చే మనిషి ముఖం కానరాదు. ఏడో బాయిల లారీలే తిరుగుతలేవు. రెండు ఒక్కతీరుగ ఎట్లయినయ్?"

నోటుబుక్కులో నువ్వే తప్పు రాసి ఉంటావని అన్నాను. కాక కోపం తెచ్చుకోలేదు. నోటుబుక్కు తెరిచి రెండో గని పేజీ చూపించాడు. నా పటంలోని అంకెలు అందులో ఒక్కటీ లేవు.

సీటు దగ్గరికి పరుగెత్తి ఫైళ్లను మళ్లీ ఒక్కొక్కటిగా లోడ్ చేసి చూస్తే సంగతి తేలింది. కొత్తగా వచ్చిన 'దుమ్ము' పట్టిక, అదే పేరుతో అప్పటికే ఉన్న పాతదాన్ని చడీచప్పుడు లేకుండా చెరిపేసి దాని చోట కూర్చుంటోంది. చివరికి మిగిలింది ఏడో గని ఒక్కటే. దాన్నే నేను ఏడు రంగుల్లో ఏడుసార్లు గీయించాను.

కాక పక్కన కూర్చుని అంకెలు పైకి చదువుతుంటే, ప్రతి పట్టికకూ దాని గని పేరే పెట్టి అన్నీ మళ్లీ సేవ్ చేశాను. ఈసారి రెండో గని గీత పేజీ పైఅంచును తాకింది. ఆ కాగితాలు పట్టుకుని పెద్దసార్ గదిలోకి వెళ్లేసరికి ఆయన పెన్ను మూత తీస్తున్నాడు.

"సార్, సంతకం పెట్టకుండ్రి. తప్పు నాదే. గా ఏడు పేజీలల్ల ఉన్నది ఒక్క ఏడో బాయి లెక్కనే. కాక చెప్పినంక తెలిసింది."

ఆయన పాత పేజీలన్నీ బల్ల మీద పక్కపక్కన పరిచాడు. ఏడు రంగుల్లో ఒకటే బొమ్మ. ఉద్యోగం పోయిందనుకుని నేను చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"నేను గూడ రంగులే చూసిన బిడ్డా. గదెవ్వరికి చెప్పకు."

ట్యాంకర్ రెండో గనికి వెళ్లింది. దాని వెనకాలే కాక నన్నూ తీసుకెళ్లాడు. నీళ్లు పడ్డ రోడ్డు నల్లగా మెరుస్తుంటే, ఒక లారీ డ్రైవర్ ముఖానికి కట్టుకున్న దస్తీ విప్పి మెడలో వేసుకుని మా వైపు చెయ్యి ఊపాడు. నేను రెండు చేతులూ ఊపాను. ఇంటికొచ్చాక నల్ల బురద చిందిన నా ముఖం చూసి బాపు నవ్విన నవ్వు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

ఇప్పుడు నా కిందే నలుగురు ట్రైనీలున్నారు. నేనేది పంపినా మూడుసార్లు సరిచూసుకుంటాను. అయినా తప్పులు దొర్లుతూనే ఉంటాయి. దొర్లినప్పుడు ముందు కంప్యూటర్‌ను అనుమానిస్తాను, తర్వాత కరెంటును, ఆ తర్వాత ఎవరికీ అర్థంకాని మాటల్లో ఒక వివరణ రాయడం మొదలుపెడతాను. అప్పుడు ఒకప్పటి నేనైన ఆ పిల్ల గుర్తొస్తుంది. పెద్దసార్ గదిలోకి తలుపైనా తట్టకుండా వెళ్లి తప్పు నాదే అనేసింది. నేనైతే ఆ గుమ్మం దాకా వెళ్లడానికే రెండుసార్లు టీ తాగుతాను.