వేళ్లు పట్టని నోరు

మా అన్న ఈల వేస్తే ఉప్పల్‌లో సినిమా హాలు హాలంతా వెనక్కి తిరిగి చూసేది. రెండు వేళ్లు నోట్లో పెట్టి నాలుక మడిచాడంటే పక్కవాడు చెవులు మూసుకోవాల్సిందే. గొప్పకు చెప్పడం లేదు, ఆయనకు వచ్చిన విద్య అదొక్కటే. ఆ హాలు పోయి ఫంక్షన్ హాలయింది. నాచారంలో ఆయన పనిచేసే ప్లాస్టిక్ కంపెనీ మూతపడింది. ఇక మా ఇంట్లో పొద్దస్తమానం గుట్కా నములుతూ కూర్చున్నాడు. నేను తిట్టని రోజు లేదు.

మొన్న ఎండాకాలం సెలవులకు ఊరి బయటి థీమ్ పార్కులో సినిమా పండుగ పెట్టారు. పాతకాలపు హాలు సెట్టింగు, తెర చీల్చుకుని జీపులో వచ్చే హీరో వేషగాడు, ముందు వరుసల్లో అభిమానులు. ఆ అభిమానులం మేమే, కూలికి. మనుషుల్ని పంపే కాంట్రాక్టరు మా గల్లీవాడే. నాకు కాగితం ముక్కలు ఎగరేసే పని ఇచ్చాడు. మా అన్నతో, "అన్నా, నువ్వు ఈలేస్తే ఎనకున్న పబ్లిక్ గూడ ఎయ్యాలె. నీ మీదనే షో నడుస్తది" అన్నాడు. కంపెనీ పోయాక మా అన్న నవ్వగా చూడడం అదే మొదలు. ఆ సాయంత్రమే వెళ్లి గడ్డం గీయించుకొచ్చాడు.

రిహార్సల్లో హీరో జీపు దిగాడు. నేను కాగితాలు ఎగరేశాను. ఈల మాత్రం రాలేదు. తిరిగి చూస్తే మా అన్న నోట్లోకి ఒక్క వేలు కూడా సరిగా దూరడం లేదు. బలవంతంగా తోస్తున్నాడు, కళ్లల్లో నీళ్లు, బుస్సుమని గాలి.

"ఎండకు నోరు వట్టేసింది" అన్నాడు.

మా ఇంట్లోనూ అదే మాట. కొన్ని నెలలుగా కారం తగిలితే మంటంటున్నాడు, అన్నం మజ్జిగలో పిసుక్కుని మింగుతున్నాడు. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు నానబెట్టి తాగించాను. ఏం తెలివో మాది.

కాంట్రాక్టరు ఆయన్ని తీసెయ్యలేదు. ఎవరిదో ఈల రికార్డు చేసి తెచ్చి స్పీకర్లలో పెట్టించి, "నోటి కాడ చెయ్యి వెట్టు, చాలు" అన్నాడు. నేను మాత్రం మా అన్నను పళ్ల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోమంది. పట్టలేదు. బుగ్గ లోపల లైటు వేసి చూసి, గొంతు తగ్గించి, క్యాన్సర్ దవాఖానాకు వెళ్లమంది. అక్కడ ముక్క తీసి పరీక్ష చేసి, అదేనన్నారు. వెంటనే ఆపరేషన్ చేస్తే దవడ సగం పోయినా మనిషి దక్కవచ్చన్నారు.

"సీజన్ కానియ్" అన్నాడు మా అన్న.

"నీకేమన్న పిచ్చి లేసిందా? సచ్చిపోతవ్."

"కోస్తే మొకం పోతది చెల్లె. గీ మొకం ఉన్నన్ని దినాలు జర షో జేసుకోనియ్."

ఏడ్చాను, తిట్టాను, అన్నం మానేశాను. మనిషి మొండికేశాడు. రోజూ ఉప్పల్ రింగ్ దగ్గర పార్కు బస్సెక్కాడు. హీరో దిగడం, స్పీకర్లో ఈల, మా అన్న నోటి దగ్గర చెయ్యి. వెనకవాళ్లు అది ఆయన ఈలే అనుకుని ఫోన్లు ఆయన వైపు తిప్పేవాళ్లు. ఒకాయన తన బిడ్డను ఎత్తుకుని, "ఈ అంకుల్ ఎంత బాగా వేస్తున్నాడో చూడు" అన్నాడు. మా అన్న మురిసిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

సీజన్ అయ్యాక దవాఖానాకు వెళితే, మెడలోకి దిగింది, ఇక కొయ్యడానికి లేదన్నారు. ముక్కులో గొట్టం వేసి పంపారు. ఇప్పుడు మాట కూడా రాదు.

నిన్న కాంట్రాక్టరు ఫోను చేశాడు. "అక్కా, దసరాకు మళ్ల పెడుతున్నరు. అన్నకెట్లున్నది? జర కూసునేటట్లుంటే తోలుకరా. ఈల మా దగ్గరున్నది. చెయ్యి ఒక్కటి పెడితే చాలు."

గోడకానుకుని కూర్చున్న మా అన్నకు ఆ మాటలు వినిపించాయి. రాడని చెప్పబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకుని, కళ్లలోకి చూస్తూ తల ఊపాడు.

"వస్తడు" అన్నాను.