తొంభైమూడుకి కట్టిన ఇంజిన్

2023 వసంతకాలం. వర్జీనియాలో మనాసస్ ఊరి అంచున, ఒక టైర్ల గోడౌన్ పక్కన మా షాపు. అక్కడ నేను ఇంజిన్లు కడతాను. మా ఆయన ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ ఉద్యోగి. మనవాళ్ళ పార్టీల్లో ఎవరైనా నా పనేమిటని అడిగితే "ఇంజిన్లు" అంటాను. "సెర్చ్ ఇంజినా?" అని అడుగుతారు. కాదండీ, పెట్రోలు పోస్తే తిరిగేవి అని చెప్పుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న లేత్ పక్కన పెరిగినదాన్ని. ఇక్కడికొచ్చి మెకానికల్‌లో ఎమ్మెస్ చేశాక కొన్నాళ్ళు కంప్యూటర్ ముందు డ్రాయింగులు గీసే ఉద్యోగం చేశాను. చేతికి ఇనుము తగలకపోతే నాకు తోచదు.

డాక్టర్ రామ్మోహన్‌గారు అలాంటి పార్టీలోనే పరిచయమయ్యారు. డెబ్బై దాటిన మనిషి, ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన గరాజ్‌లో అరవైల నాటి అమెరికన్ కూపే, రెండు తలుపుల కారు, ఒకటి ఇంజిన్ లేకుండా పడి ఉంది. దానికి ఎనిమిది సిలిండర్ల వీ-ఎయిట్ ఇంజిన్, ఏడు లీటర్లది, కట్టమన్నారు. ఆరువందల హార్స్‌పవర్ కావాలి, ఏ గ్యాస్ స్టేషన్‌లో దొరికే పెట్రోలుతోనైనా నడవాలి, టర్బో, సూపర్‌చార్జర్ ఉండకూడదు అన్నారు. ఆ రెండూ గాలిని బలవంతంగా ఇంజిన్‌లోకి తోసే పరికరాలు. అవి లేకుండా తనంతట తాను గాలి పీల్చుకునేదాన్ని మేం నేచురల్లీ యాస్పిరేటెడ్ అంటాం.

"టర్బో పెడితే ఆరువందలు సులువుగా వస్తాయి డాక్టర్‌గారూ" అన్నాను.

"తెలుసమ్మా. కానీ జీవితమంతా మనుషులకి మెషిన్‌తో ఊపిరి ఆడించాను. ఇదొక్కటైనా దాని ఊపిరి అది తీసుకోవాలి" అన్నారు.

ఈ కోరికలో చిక్కెక్కడుందో చెప్తాను. గాలి తోసే యంత్రం లేనప్పుడు బలం రావాలంటే కంప్రెషన్ రేషియో పెంచాలి. అంటే పిస్టన్ పైకి వచ్చేసరికి లోపలి గాలీ పెట్రోలూ ఎన్నో వంతుకి అణిగిపోతాయన్న లెక్క. ఎక్కువ అణిచేకొద్దీ బలం ఎక్కువ. కానీ మరీ అణిస్తే స్పార్క్ ప్లగ్గు అంటించిన మంట వచ్చేదాకా ఆగకుండా, మిగిలిన పెట్రోలు దానంతటదే భగ్గుమంటుంది. దాన్ని నాక్ అంటాం. పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టినట్టే. ఆ వేడికీ ఒత్తిడికీ పెట్రోలు ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పే అంకె ఆక్టేన్. వర్జీనియా బంకుల్లో తొంభైమూడు దొరుకుతుంది. నేను ఆ తొంభైమూడుని నమ్ముకుని కంప్రెషన్ పదకొండుకి కొంచెం పైనే పెట్టాను.

జూన్‌లో డైనో మీద పెట్టాం. కారులో బిగించకముందే ఇంజిన్‌ని నడిపి బలం కొలిచే యంత్రం అది. ఆరువందల నాలుగు వచ్చింది. డాక్టర్‌గారు ఆ కాగితాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకున్నారు. నేనూ ఆ రోజు తృప్తిగా ఇంటికెళ్ళాను.

ఇంజిన్‌ని కారులో దించుతుండగా ఆయన మామూలుగా ఒక మాట చెప్పారు. ఇల్లు అమ్మేస్తున్నారట. కూతురు మాధవి ఫ్రీమాంట్‌లో ఉంటుంది, ఇక అక్కడికే వెళ్ళిపోతారట. ఆగస్టులో ఆ అమ్మాయి వస్తుంది, ఇద్దరూ ఈ కారులోనే కాలిఫోర్నియా దాకా డ్రైవ్ చేస్తారు.

నా చేతిలో రెంచ్ అలాగే ఉండిపోయింది. "డాక్టర్‌గారూ, అక్కడి బంకుల్లో తొంభైమూడు దొరకదు. తొంభైఒకటే పెద్దది."

"రెండే కదమ్మా తేడా."

ఆ రెండే నాకు నిద్ర లేకుండా చేశాయి. ఆగస్టు ఎండ, నిండు లగేజీ, తండ్రీ కూతుళ్ళు, ఎక్కడో ఎడారిలో పగిలిన పిస్టన్. స్పార్క్‌ని కొంచెం ఆలస్యం చేస్తే నాక్ తగ్గుతుంది, కాస్త బలమూ తగ్గుతుంది. అలా సర్ది, నడిపి చూద్దామనుకున్నాను. రెండు పాళ్ళు తొంభైమూడు, ఒక పాలు మామూలు రకం ఎనభైఏడు కలిపితే తొంభైఒకటి అవుతుంది. అది ట్యాంక్‌లో పోసి, ఒక వేడి మధ్యాహ్నం ఇద్దరం బ్లూ రిడ్జ్ కొండల దారి పట్టాం. ఆయన డ్రైవ్ చేస్తున్నారు, నేను పక్క సీట్లో చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

చదును రోడ్డు మీద ఏమీ లేదు. కొండ మొదలయ్యాక ఆయన యాక్సిలరేటర్ నొక్కారు. సైలెన్సర్ల హోరు వెనకాల సన్నగా, రేకుడబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు చప్పుడు. ఏ డ్రైవరైనా ఆ చప్పుడుకి ఉలిక్కిపడి కాలు తీసేస్తాడు. డాక్టర్‌గారు తీయలేదు. హాయిగా రోడ్డు చూస్తూ ఇంకా నొక్కారు. చప్పుడు పెరిగింది.

"కాలు తీయండి" అన్నాను. ఆయన ముఖం మారలేదు. ఇంకోసారి అరిచాను. అప్పటికీ లేదు. చేయి పట్టుకుంటే నావైపు తిరిగారు. నా పెదాలు చూసి అప్పుడు కాలు తీశారు.

మలుపు దగ్గర వ్యూ పాయింట్‌లో కారు ఆపించాను.

"ఆ గలగల మీకు వినపడలేదా?"

"ఏ గలగల?"

ఇన్ని నెలలూ నాకెందుకు తెలియలేదో అప్పుడర్థమైంది. మా షాపులో అందరం మెషిన్ల మధ్య అరుచుకునే మాట్లాడుకుంటాం. ఆయనెప్పుడూ ఎదురుగా నిలబడి, ముఖం చూస్తూ మాట్లాడేవారు. అది మర్యాద అనుకున్నాను.

ఆయన నావైపు ముఖం తిప్పి చెప్పారు. "ఆపరేషన్ థియేటర్‌లో ఆక్సిజన్ చూపే మానిటర్ బీప్ బీప్ అంటుంటుంది కదా. ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ బీప్ స్వరం కిందికి జారుతుంది. మేం తెర చూడకుండానే ఆ జారుడు పట్టేస్తాం. ఒకరోజు నర్స్ వచ్చి నా భుజం తట్టింది. చూస్తే అంకె పడిపోతోంది. ట్యూబ్ కదిలింది, సరిచేశాను, పేషంట్‌కి ఏమీ కాలేదు. కానీ ఆ స్వరం జారడం నాకు వినపడలేదమ్మా. ఆ నెలలోనే మానేశాను. అలసిపోయానని చెప్పాను అందరికీ."

"మాధవికి?"

"తనకీ అదే చెప్పాను."

కారు నేను డ్రైవ్ చేస్తానని తాళాలు అడిగాను. ఇచ్చారు.

షాపుకొచ్చి ఇంజిన్ చల్లారాక ప్లగ్గులు విప్పాను. ఒకదాని తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు, వాటి మధ్య మెరిసే అల్యూమినియం రవ్వలు. పిస్టన్ అప్పుడే తరగడం మొదలైంది. వినపడే మనిషి అయితే కాలు తీసి బతికించుకుంటాడని నా స్పార్క్ సర్దుబాటు లెక్క. ఈ ఇంజిన్‌ని ఆయన చేతికిస్తే కాలిఫోర్నియా అంచున సియెర్రా కొండల అవతల ముక్కలవుతుంది.

మర్నాడు ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాను. "మొత్తం విప్పుతాను. నెత్తిన గుంట ఇంకా లోతుగా ఉండే పిస్టన్లు చేయిస్తాను, కంప్రెషన్ పదింపావుకి దిగుతుంది. ఆరువందలు రావు."

"ఎన్నొస్తాయి?"

"ఇప్పుడే చెప్పలేను. ఇంకో రెండు సంగతులు. డాష్‌బోర్డ్ మీద మీ కళ్ళెదురుగా ఒక ఎర్రలైటు పెడతాను. ఇంజిన్‌కి ఒక సెన్సర్ బిగిస్తే, నాక్ వచ్చినప్పుడల్లా అది వెలుగుతుంది. రెండోది, మాధవి కూడా అదే కారులో కూర్చుంటుంది. ఆ లైటు ఎందుకో తనకి చెప్పాలి. మీరు చెప్పకపోతే నేను కారివ్వను."

డాక్టర్‌గారికి కోపం వచ్చింది. "ఇంజిన్ వరకు నీ పనమ్మా. ఇల్లు నా పని" అని లేచి వెళ్ళిపోయారు. వారం దాకా కబురు లేదు. హద్దు దాటానేమోనని నాకు దిగులు. అయినా పిస్టన్లు ఆర్డర్ చేశాను. ఈలోగా సిలిండర్ హెడ్‌లో పదునైన అంచులన్నీ చేత్తో నున్నగా అరగదీశాను. ఆ పదును ఎర్రగా కాలి నిప్పురవ్వలా పెట్రోలుని అంటిస్తుంది. రేడియేటర్ ముందు నుంచి చల్లగాలి వచ్చే దారి కూడా చేశాను. ఒక్కో పిస్టన్ కూర్చోబెడుతున్నప్పుడు, ఆయన తిరిగి రాకపోతే ఇదెవరికి కడుతున్నట్టు అనిపించేది.

ఆగస్టు మొదట్లో, రెండోసారి డైనో రోజున చెప్పాపెట్టకుండా వచ్చారు, పక్కన మాధవి. నలభై ఏళ్ళుంటాయి. ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి.

తొంభైఒకటి పోసి నడిపాం. గంట ఆపకుండా వేడెక్కించి, పదేపదే పూర్తి బలంతో పరిగెత్తించాను. తెరమీద సెన్సర్ గీసే గీతమీదే నా కళ్ళు. అది కదలలేదు. అయిదువందల డెబ్బై ఎనిమిది వచ్చింది. డాక్టర్‌గారు కాగితం చూసి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఫోటో తీయలేదు.

తర్వాత కారు దగ్గర ఎర్రలైటు చూపించాను. మాధవి అడిగింది. "ఇది ఎందుకు? సౌండ్ వస్తది కదా, డాడ్ వింటాడు కదా?"

నేను డాక్టర్‌గారి వైపు చూశాను. ఆయన కారు తలుపు మీద చేయి ఆనించి, "నాకు వినపడదు బంగారూ. పని మానేసింది కూడా అందుకే" అన్నారు.

మాధవి ఏడవలేదు, కోప్పడలేదు. "నేను ఫోన్‌లో మాట్లాడితే యూ ఆల్వేస్ సే యెస్. నాకు అనిపించింది, యు డోంట్ కేర్ అని" అంది. ఆయన ఆ అమ్మాయి తల మీద చేయి వేశారు. నేను లోపలికి వెళ్ళి అక్కర్లేని స్పానర్లు సర్దుతూ కూర్చున్నాను.

ఆ నెల మధ్యలో బయల్దేరారు. రాకీ కొండల ఎత్తులో గాలి పలచన, అక్కడ నాక్ భయం తక్కువ. నా భయమంతా సియెర్రా దిగాక, కాలిఫోర్నియా లోయ ఎండలో. ఆ రోజు చేతిలో ఏ పనీ సాగలేదు. ఏ ఫోన్ మోగినా పిస్టనే అనుకున్నాను.

సాయంత్రం మాధవి ఫోన్ చేసింది. ఫ్రీవే ఎక్కుతుండగా వెనక పెద్ద ట్రక్కు వచ్చిందట, ఆయన గట్టిగా నొక్కారట, లైటు ఒక్కసారి వెలిగిందట. "నేను చెప్పేలోపే డాడ్ కాలు తీసేశాడు. ట్రక్ వాడు హార్న్ కొట్టాడు. డాడ్‌కి వినపడలేదు, సో హి వాజ్ హ్యాపీ" అని నవ్వింది. నాకు నవ్వు రావడానికి కొంచెం టైమ్ పట్టింది. చేరాక ప్లగ్గులు విప్పించి ఫోటోలు పంపమన్నాను. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఆ మరుసటి నెలలో ఆయన చెవులకి మెషిన్లు పెట్టించుకున్నారని తెలిసింది.

అప్పటిదాకా కస్టమర్ రాగానే కారేమిటి, పెట్రోలేమిటి, ఎన్ని హార్స్‌పవర్ అని అడిగేదాన్ని. ఆ మూడింటికీ సరైన జవాబు చెప్పే ఇంజినే డాక్టర్‌గారికి మొదట కట్టాను. అది ఆయనకి సరిపడని ఇంజిన్. నడిపే మనిషి ఏం చూస్తాడు, ఏం వింటాడు, కాలు ఎప్పుడు తీస్తాడు అన్నది కూడా కంప్రెషన్ లెక్కలో భాగమేనని ఆ కొండ మీద నేర్చుకున్నాను. అందుకే ఇప్పుడు ఎవరు ఫోన్ చేసి ఎంత పెద్ద అంకె చెప్పినా ముందు ఒకటే అడుగుతాను. మీరిప్పుడు నడిపే కారులోనే ఒకసారి రండి, మీరు డ్రైవ్ చేయండి, నేను పక్కన కూర్చుంటాను.