ఇత్తడి గుండిగ మీద నా పేరు

ఇవాళ గూడూరులో శేషు మావయ్య ఇంట్లో ఇత్తడి గుండిగని చింతపండు పెట్టి తోముతున్నారు. ఆ పుల్లటి వాసనకి అటు చూడగానే గుర్తుపట్టాను, అది బందరులో మా తాతయ్య ఇంట్లోది.

మీకూ గుర్తుందా, గిన్నెల మీద పేర్లు కొట్టే ఆయన అరుగు మీద కూర్చుని ఉలితో టకటకా చుక్కలు పెడుతుంటే మనమంతా చుట్టూ మూగేవాళ్లం? తాతయ్యకి మగపిల్లల్లేరు, మా అమ్మ ఒక్కతే. నాకు ఏడేళ్లప్పుడు ఆ గుండిగ మీద తన ఇంటిపేరుతో 'పామర్తి రమణి' అని కొట్టించాడు. "మా ఇంటిపేరు నిలబెట్టేది నువ్వేనే" అన్నాడు. నేను నమ్మేశాను. పుస్తకాల అట్టలన్నిటి మీదా అదే రాసుకున్నాను.

తర్వాత తన తమ్ముడి కొడుకు శేషుని దత్తత తీసుకున్నాడు. ఆరో తరగతిలో చేర్చేటప్పుడు నాకు నాన్న ఇంటిపేరు రాయించారు. అదేంటని ఏడిస్తే, "ఏదైనా మనదేగా" అంది అమ్మ.

ఇవాళ గుండిగ తిప్పి చూశాను. 'పామర్తి' అలాగే ఉంది. 'రమణి'ని సుత్తితో అణగ్గొట్టి, దాని మీద 'శేషు' అని కొట్టించారు.

అమ్మకి ఫోన్ చేసి, "నా పేరు కొట్టేయించిన సంగతి నీకు తెలుసా?" అని అడిగాను.

"తెలియకపోవడమేంటే? అప్పుడు గుండిగ కదలకుండా పట్టుకుంది నేనే" అంది.